పెళ్లిళ్లతో ఆగిన పాట: బాస్వెల్ సిస్టర్స్ గురించి తెలిసినవాళ్లు చెప్తారా?

నడిపమ్మాయి_గుంటూరు:

అందరికీ నమస్కారం. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం. చిన్నప్పటి నుంచీ చర్చి క్వయర్‌లో పాడుతున్నాం. అక్కది పై పార్టు, చెల్లిది కింది పార్టు, మధ్యది నాది. పోయిన క్రిస్మస్‌కి ఎవరో ఆండ్రూస్ సిస్టర్స్ అనే పాతకాలపు అమెరికా అక్కచెల్లెళ్ల పాట ఒకటి పంపారు. ‘బై మీర్ బిస్ట్ దూ షేన్’. నోట్స్ లేకుండా, చెవితో విని, వంటింట్లో గిన్నెలు తోముకుంటూ మూడు వారాల్లో పట్టేశాం.

ఆ పాట తర్వాత దానంతటదే బాస్వెల్ సిస్టర్స్ పాట మొదలైంది. వాళ్లూ అమెరికాలో మాలాగే ముగ్గురక్కచెల్లెళ్లు, ఆండ్రూస్ వాళ్లకంటే ముందువాళ్లు. అప్పటి నుంచి నాకు వేరే పాట చెవికి ఎక్కట్లేదు. నలభై సార్లు విన్నాను, పట్టుబడటం లేదు. ఒక నడకలో మొదలుపెడతారు, మధ్యలో సగానికి దించేస్తారు, ఉన్నట్టుండి అర్థం లేని మాటల్లోకి వెళ్లి మళ్లీ పరుగందుకుంటారు. అసలు రాగం ఎవరు పాడుతున్నారో తెలియదు. మేం పాడి ఫోన్‌లో రికార్డు చేస్తే నా పార్టు మునిగిపోయి చెల్లి గొంతొక్కటే వినిపిస్తోంది. వాళ్లు ఎలా చేశారు?

ఇంకొకటి కూడా అడగాలి. వాళ్లు 1936లో ఆపేశారని, ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయని చదివాను. మా అక్క పెళ్లి ఫిబ్రవరిలో. పెళ్లవగానే మెల్‌బోర్న్ వెళ్లిపోతుంది. అమ్మ మొన్న బట్టలు మడతపెడుతూ “ఇక మీ పాట అయిపోయినట్టేలే” అంది. అమ్మ మామూలుగానే అంది కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్లు నిజంగా పెళ్లిళ్ల వల్లే ఆపేశారా?

పాతప్లేట్లు:

అమ్మా, నేను సికింద్రాబాద్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు క్వయర్ నడిపినవాణ్ణి. గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేస్తాను. బాస్వెల్ సిస్టర్స్ ప్లేటు నా దగ్గర ఒక్కటే ఉంది, లాలాగూడలో ఒక రైల్వే డ్రైవరు కుటుంబం ఊరు వదిలి వెళ్తూ అమ్మిన పెట్టెలో దొరికింది. 1935లో అమెరికాలో అగ్రస్థానానికి వెళ్లిన ‘ది ఆబ్జెక్ట్ ఆఫ్ మై అఫెక్షన్’. అంచు కొంచెం చిట్లింది, అయినా పాడుతుంది. మీ ప్రశ్న చదివాక దాన్ని తీసి మళ్లీ విన్నాను.

ముందు మనుషుల గురించి చెప్తాను. పెద్దమ్మాయి మార్తా 1905లో పుట్టింది, పియానో ఆమెది. నడిపిది కోనీ, 1907. చెల్లో వాయించేది, శాక్సఫోన్ కూడా పట్టేది. చిన్నది వెట్, 1911, వయొలిన్. న్యూ ఆర్లియన్స్‌లో క్యాంప్ స్ట్రీట్ ఇంట్లో పెరిగారు. మొదట నేర్చుకున్నది శాస్త్రీయ సంగీతం, ముగ్గురూ కలిసి వాయించేవాళ్లు. మరి వీధిలోకి వస్తే ఆ ఊళ్లో వినిపించేది జాజ్. నల్లజాతి గాయకుల పాట, చర్చిపాట, పడవరేవు పాట, అన్నీ ఆ పిల్లల చెవుల్లో పడ్డాయి. వాళ్లింటికి ఎమ్మెట్ హార్డీ అని, కార్నెట్ అనే చిన్న ట్రంపెట్ లాంటి వాద్యం వాయించే కుర్రాడు వచ్చిపోయేవాడు. క్షయతో 1925లో, 22 ఏళ్లకే పోయాడు. అతను వాయించింది ఒక్క ప్లేటు కూడా మిగల్లేదు. ఆ అక్కచెల్లెళ్ల లయలో అతని ఊపు ఎంతుందో మనకు తెలిసే దారి లేదు. నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

అదే 1925లో విక్టర్ రికార్డు కంపెనీవాళ్లు న్యూ ఆర్లియన్స్ వచ్చి వీళ్ల చేత పాడించారు. వెట్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. దాంతో పేరేమీ రాలేదు. తర్వాత లాస్ ఏంజెలెస్ రేడియోలో పాడి, 1931లో న్యూయార్క్ చేరారు. అక్కడ బ్రన్స్‌విక్ కంపెనీకి పాడిన పాటలే మీరు వింటున్నవి. వెనక వాయించింది ఎవరనుకున్నారు? టామీ డార్సీ, జిమ్మీ డార్సీ, బనీ బెరిగన్. తర్వాత్తర్వాత సొంత బ్యాండ్లు పెట్టి బిగ్ బ్యాండ్ల యుగాన్ని, అంటే పెద్ద జాజ్ వాద్యబృందాల కాలాన్ని ఏలినవాళ్లు అప్పుడు ఈ ముగ్గురమ్మాయిల వెనక కూర్చుని వాయించారు. పైగా పాటకి అమరిక కుదిర్చేది ఎక్కువగా కోనీయే. మగవాళ్లతో నిండిన స్టూడియోలో ఏ వాద్యం ఎక్కడ రావాలో చెప్పేది, వాళ్లు వినేవాళ్లు.

కోనీ చిన్నప్పటి నుంచీ నడవలేదు. చక్రాల కుర్చీలోనే ఉండేది. వేదిక మీద పొడవాటి గౌనుతో కుర్చీ కనపడకుండా కూర్చునేది. 1932లో ‘ది బిగ్ బ్రాడ్‌కాస్ట్’ సినిమాలో ముగ్గురూ పియానో చుట్టూ ఉంటారు చూడండి. ఆ కూర్పు అందం కోసం ఒక్కటే కాదు, కోనీ కోసం కూడా.

ఇప్పుడు మీ తికమక. పది అంగుళాల ప్లేటులో మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పాట పడుతుంది. ఆ మూడు నిమిషాల్లోనే వీళ్లు నడక మూడు నాలుగు సార్లు మారుస్తారు. మేజర్ అనే స్వరవరసలో ఉన్న రాగాన్ని మైనర్ అనే వేరే వరసలోకి తిప్పుతారు, ఒక వాక్యం సోలో, తర్వాతది ముగ్గురూ. మీరు అర్థం లేని మాటలన్నది వాళ్లింట్లో పిల్లలుగా ఉన్నప్పుడు మాట్లాడుకున్న భాష. మనమూ ‘క’ భాష మాట్లాడుకోలేదూ, అలాంటిదే. సోలో కోనీది. ముగ్గురూ కలిసే చోట మాత్రం వరసలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. మీ చెవి ఒకే గొంతును పట్టుకుని పోవాలని చూస్తోంది, అందుకే జారిపోతోంది. ఆ చోట కోనీని వదిలేసి, తీగవాద్యాల్ని విన్నట్టు మూడు వరసలూ కలిపి వినండి. వాళ్లు వాద్యాల నుంచి పాటకి వచ్చినవాళ్లు.

ఇంత మార్చేస్తే ఆ రోజుల్లో అందరికీ నచ్చిందనుకోకండి. అసలు పాట ఏమైపోయిందని రేడియోకి కోపంగా ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. రికార్డు నిర్మాత జాక్ కాప్ కూడా రాగాన్ని ఉన్నదున్నట్టు పాడమనేవాడు. అయినా 1934లో న్యూయార్క్ అపోలో థియేటర్ పోటీకి వెళ్లిన 17 ఏళ్ల ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, తర్వాత జాజ్‌లో మహాగాయని అయిన అమ్మాయి, ఆ రాత్రి పాడింది కోనీని అనుకరిస్తూ. తను కోనీలా పాడాలనుకున్నానని ఎల్లా తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

మీ పార్టు మునగడం సంగతి. ఆ రోజుల్లో ముగ్గురికీ ఒకటే మైకు. ఎవరి గొంతు ఎంత వినపడాలో తేల్చేది దూరం. బాస్వెల్స్ గట్టిగా పాడలేదు, మైకు దగ్గరగా ఉండి మెత్తగా పాడారు. మీరు ఫోన్ బల్ల మీద పెట్టి పాడుతున్నారని నా అనుమానం. నోటి ఎత్తున పెట్టండి. మీరు దగ్గరికి జరగండి, చెల్లిని ఒక అడుగు వెనక్కి పంపండి, అక్క కొంచెం పక్కకి. అందరూ మాట్లాడే గొంతు కంటే మెత్తగా మొదలుపెట్టండి. ఒకే ఇంట్లో మాట నేర్చుకున్నవాళ్లు అచ్చులు ఒకేలా పలుకుతారు. ‘ఆ’కి నోరు ఎంత తెరవాలో, ‘ఓ’ ఎక్కడ ముగించాలో మా క్వయర్‌లో నలభై మందికి నేర్పడానికి నాకు ఏళ్లు పట్టింది. మీ ముగ్గురికీ అది పుట్టుకతో ఉంది. మీరు సాధన చేయాల్సింది మాట చివర. ముగ్గురూ ఒకే క్షణంలో ఆపాలి.

మిన్నెసోటా_తెలుగు:

మాస్టారు చెప్పాక నేను చెప్పేది తక్కువే, కానీ ఆండ్రూస్ సిస్టర్స్‌ను ఎవరూ నకలు అనకుండా ముందే అడ్డుపడుతున్నాను. నేనుండేది మిన్నియాపోలిస్ దగ్గర. వాళ్లది ఈ ఊరే. తండ్రి గ్రీసు నుంచి వచ్చి హోటల్ నడిపాడు, తల్లిది నార్వే కుటుంబం. వేసవి సెలవులకి దగ్గర్లోని మౌండ్ అనే ఊళ్లో మేనమామల దగ్గర ఉండేవాళ్లు. అక్కడ చెరువు పక్కన వాళ్ల పేరుతో నడకదారి ఉంది. మా పాపని తోపుడుబండిలో పెట్టుకుని అక్కడే తిప్పుతుంటాను.

బాస్వెల్స్‌ని రేడియోలో విని నేర్చుకున్నారు, నిజమే. దక్షిణాది యాసతో సహా! మంచు దేశపు పిల్లలు న్యూ ఆర్లియన్స్ యాసలో పాడటం ఊహించుకోండి. కానీ వాళ్లు దాన్ని వేరే దారి పట్టించారు. రాగం ఎప్పుడూ ప్యాటీదే, పైన మాక్సీన్, కింద లవర్న్. వినేవాడికి ఎక్కడా తికమక లేదు, కాలు కదపడమే పని. నడిపమ్మాయి గారూ, మీకు అది మూడు వారాల్లో వచ్చి ఇది రాకపోవడానికి కారణం ఇదే.

ఆ ‘బై మీర్’ పాట 1937 నవంబరులో డెక్కా కంపెనీలో రికార్డు చేశారు. షోలోమ్ సెకుండా అనే ఆయన యూదుల భాష యిడ్డిష్‌లో ఒక నాటకం కోసం 1932లో కట్టిన పాట. హక్కులు 30 డాలర్లకు అమ్ముకున్నాడు పాపం, అవి తిరిగి అతని చేతికొచ్చేసరికి 1961. 

మీ అసలు ప్రశ్నకి నా జవాబు: ఆండ్రూస్ అక్కచెల్లెళ్లకీ పెళ్లిళ్లయ్యాయి. మాక్సీన్‌కి 1941లోనే. పాట ఆగలేదు. యుద్ధంలో సైనికుల కోసం ఊరూరా, దేశదేశాలూ తిరిగారు. 1945లో ఇటలీలో నేపుల్స్ దగ్గర పాడుతుండగా ఎవరో చీటీ అందించారట. జపాన్ లొంగిపోయిందని ప్యాటీ చదివి వినిపిస్తే కుర్రాళ్లు ముందు నమ్మలేదట. అది ఆ అక్కచెల్లెళ్లు చెప్పిన మాటే. వాళ్లని విడదీసింది తల్లిదండ్రులు పోయాక వచ్చిన ఆస్తి తగాదా, ఎవరు ఎవరి వ్యవహారాలు చూడాలనే పేచీ. 1954 నాటికి విడిపోయి, 1956లో మళ్లీ కలిశారు. లవర్న్‌కి క్యాన్సర్ వచ్చేదాకా ముగ్గురూ పాడారు, 1967లో ఆమె పోయింది.

నడిపమ్మాయి_గుంటూరు:

మాస్టారూ, ఫోన్ బల్ల మీదే పెట్టాం. మీరు చూసినట్టే చెప్పారు. మిన్నెసోటా అన్నయ్యా, పెళ్లి తర్వాత కూడా పాడారన్న మాట అక్కకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, రెండోసారి చదవమంది.

మరి బాస్వెల్స్?

పాతప్లేట్లు:

తల్లీ, అది దాటవేశానని మీరు పట్టుకున్నారు. ఎందుకో చెప్తాను.

వాళ్లు అలిసిపోయారు. 1933లో, 1935లో యూరప్ యాత్రలు. రేడియో ప్రోగ్రాములు, అందులో అప్పటి పేరున్న గాయకుడు బింగ్ క్రాస్బీ షో ఒకటి. 1931లోనే టెలివిజన్ అనే కొత్త పెట్టె కోసం సీబీఎస్ అనే ప్రసార సంస్థ చేసిన మొట్టమొదటి ప్రసారంలో పాడారు. అయిదేళ్లలో ఇంత. కోనీకి సోలోగా పిలుపులు పెరిగాయి. ఆమె తమ మేనేజరు హారీ లీడీనే పెళ్లాడింది. మార్తా, వెట్ సంసారాల్లోకి వెళ్లిపోయారు. పోట్లాడుకుని విడిపోలేదు. కోనీ ఆ తర్వాత దశాబ్దాల పాటు ఒంటరిగా పాడింది, బాగా పాడింది, 1976లో పోయింది. అయినా ఆవిడ సోలో ప్లేట్లు వింటుంటే మిగతా ఇద్దరి వరసలూ నా తలలో నేనే కలుపుకుంటాను.

1982లో మా తమ్ముడికి విశాఖ బదిలీ అయింది. మగ గొంతుల్లో నేను టెనార్, అంటే పై పార్టు, వాడు బేస్, అంటే కింది పార్టు. మీ అమ్మగారు అన్న మాటే నేనూ అనుకున్నాను. ఇక అయిపోయిందని నాలుగేళ్లు ఇద్దరం కలిసి నోరు తెరవలేదు. పండక్కి వచ్చినా సినిమాల గురించీ పొలం గురించీ మాట్లాడుకున్నాం. ఎవరూ వద్దనలేదు, ఎవరం అడగలేదు. 1986లో మా నాన్న సమాధి దగ్గర వాడే మొదలుపెట్టాడు. ఆ నాలుగేళ్లు నాకు ఇప్పటికీ బాధే. మీకు టికెట్టు ఖర్చు, టైము తేడా ఉన్నాయి, కాదనను. ఆయా ఊళ్ల నుంచి ఒకేసారి పాడాలని మాత్రం చూడకండి, ఫోన్‌లో గొంతు ఆలస్యంగా చేరి లయ తప్పుతుంది, విసుగొస్తుంది. ఒకరు పాడి పంపండి, దాని మీద రెండోవారు, ఆ రెంటి మీద మూడోవారు. మొదట పంపాల్సింది మధ్య పార్టు. అంటే మీరే.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. ఆ ప్లేట్లు చేసిన షెల్లాక్ అంటే మన లక్కే. మన దేశపు అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగు పెట్టిన లక్క ఓడలెక్కి అమెరికా వెళ్లేది. యుద్ధంలో ఆ దారి కష్టమయ్యాక 1942లో అక్కడ ప్లేట్లకి లక్క వాడకం 70 శాతం కోసేశారు, పాత ప్లేట్లు అరగదీసి కొత్తవి చేసుకున్నారు. అలా ఎన్ని బాస్వెల్ ప్లేట్లు పిండైపోయాయో. నా దగ్గరున్న ఆ చిట్లిన ప్లేటును అందుకే అంత జాగ్రత్తగా పట్టుకుంటాను.

వీలైతే మిల్స్ బ్రదర్స్ కూడా వినండి. ఒహాయోలో పిక్వా అనే చిన్న ఊరు, తండ్రి మంగలి దుకాణం. నలుగురన్నదమ్ములూ గొంతుతోనే ట్రంపెట్, ట్యూబా వాయించేవాళ్లు. నిజం వాద్యం ఒక్క గిటారే. 1936లో పెద్దవాడు జాన్ చిన్న వయసులోనే పోతే, అతని చోట తండ్రి వచ్చి నిలబడి పాడాడు.

నడిపమ్మాయి_గుంటూరు:

మాస్టారూ, నిన్న రాత్రి చేశాం. ఫోన్‌ని ఫ్రిజ్ మీద పచ్చడి జాడీకి ఆనించి నోటి ఎత్తున పెట్టాం. చెల్లి తలుపు దాకా వెనక్కి వెళ్లింది, అలిగింది కూడా. నేను ముందు. మెత్తగా మొదలుపెట్టాం. నడక మార్చే చోట రెండుసార్లు విడిపోయాం, మూడోసారి నిలబడింది. మాట చివర్లు ఇంకా కుదరలేదు.

రికార్డింగ్ అమ్మకి వినిపించాం. చివరిదాకా విని, “ఇందులో మధ్యది ఎవరు, అక్కా నువ్వా?” అని నన్నే అడిగింది.

మధ్య పార్టు ఒక్కటే పాడి అక్కకి, చెల్లికి వాట్సాప్‌లో పంపాను. ఒకే ఇంట్లో ఉన్నా సరే, ఇప్పటి నుంచే అలవాటు కావాలని. అక్క పక్క గదిలోంచి తన పార్టు కలిపి పంపింది. చెల్లిది ఇంకా రాలేదు.