కొత్త ఫోన్‌లో సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకునే తెర చూపిస్తే పోటీ పెరుగుతుందా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం)

ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని తేల్చిన భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ప్లే స్టోర్ కావాలనుకున్న తయారీదారు దానితోపాటు గూగుల్ సెర్చ్, క్రోమ్, యూట్యూబ్ వంటి యాప్‌లను కూడా ముందే ఎక్కించి అమ్మాలన్న ఒప్పందాన్ని తప్పుపట్టింది. ఫోన్‌ను మొదటిసారి సిద్ధం చేసుకునేటప్పుడే ఏ సెర్చ్ ఇంజిన్ కావాలో వినియోగదారు ఎంచుకునే వీలుండాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను కొట్టివేసినా జరిమానాను సమర్థించింది. ఈ ఎంపిక తెర ఒక్కటే మనకు మేలు చేస్తుందని నేను అనుకోవడం లేదు. మీ అభిప్రాయాలు తెలపగలరు.

సెల్‌పాయింట్ గుంటూరు

దుకాణంలో జరిగేది చెబుతానండి. కొత్త ఫోన్ కొన్నవారిలో చాలామంది పెట్టె విప్పి మా చేతికే ఇస్తారు. భాష, వైఫై, జీమెయిల్, పాత ఫోన్లోని నంబర్లు అన్నీ మా కుర్రాళ్లే చూస్తారు. వెనుక మరో నలుగురు నిలబడి ఉంటారు కాబట్టి వచ్చిన ప్రతి తెర మీదా ‘తరువాత’, ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుకుంటూ పోతారు. అక్కడ సెర్చ్ ఇంజిన్ల జాబితా వచ్చినా ఎంచుకునేది కొన్నవారు కాదు, మా కుర్రాడి బొటనవేలు. అడిగే పద్ధతి కూడా మాకు లేదు.

నల్లమల

ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు ఉచితంగా ఇచ్చినందువల్లనే కదా పదివేల లోపు ధరకే టచ్‌స్క్రీన్ ఫోన్ పల్లెల దాకా చేరింది! సెర్చ్ మీద వచ్చే ప్రకటనల ఆదాయమే ఆ ఉచితాన్ని మోస్తోంది. 2018లో యూరోపియన్ కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా వేశాక, అక్కడ అమ్మే ఫోన్లలో తన యాప్‌లు పెట్టుకోవడానికి గూగుల్ లైసెన్సు రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. ఇక్కడా అదే జరిగితే ఆ భారం కొనేవారి మీదే పడుతుంది. పైగా 2017 నుంచే తెలుగులో మాట్లాడి వెతికే సౌకర్యం ఇచ్చింది గూగుల్. మా అమ్మగారు మైకు గుర్తు నొక్కి ‘వరిలో సుడిదోమకు ఏ మందు కొట్టాలి’ అని అడిగితే తెలుగులోనే సమాధానాలు వస్తున్నాయి. బాగా పనిచేసే దాన్ని జనం వాడటంలో తప్పేముంది?

కృష్ణాతీరం

నల్లమల గారూ, మీ అమ్మగారి ఉదాహరణ దగ్గరే నా వాదన మొదలవుతుంది. అది అంత బాగా పనిచేయడానికి ఇంజినీర్ల ప్రతిభ ఒక కారణమైతే, కోట్లమంది తెలుగువారు రోజూ ఏ మాట ఎలా పలికి ఏం వెతికారో, వచ్చిన వాటిలో దేన్ని నొక్కారో గూగుల్ దగ్గర పోగుపడి ఉండటం అంతకంటే పెద్ద కారణం. ఆ సమాచారం లేని మరో సంస్థ తెలుగులో అంత నాణ్యత ఎలా తేగలదు? నాణ్యత లేకపోతే ఎవరూ వాడరు, ఎవరూ వాడకపోతే నాణ్యత రాదు.

రష్యాలో అక్కడి పోటీ నియంత్రణ సంస్థతో గూగుల్ 2017లో కుదుర్చుకున్న ఒప్పందం తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎంపిక తెర వచ్చాక అక్కడి సెర్చ్ ఇంజిన్ యాండెక్స్ వాటా పెరిగింది, ఎందుకంటే రష్యన్ భాషలో దీటుగా పనిచేసే ఇంజిన్ అక్కడ అప్పటికే ఉంది. యూరప్‌లో 2020లో మొదలైన తెర మీద చోటు కోసం ఇతర సెర్చ్ ఇంజిన్లు వేలంలో డబ్బు కట్టవలసి వచ్చింది. విమర్శలు వచ్చాక 2021లో దాన్ని ఉచితం చేశారు. మన దగ్గర తెర ఉచితంగా ఉన్నా, తెలుగులో దీటైన రెండో పేరు ఏదీ కనిపించదు.

ఫోన్లలో, బ్రౌజర్లలో ముందే అమర్చిన సెర్చ్ ఇంజిన్‌గా ఉండే స్థానం విలువ తెలియాలంటే, సెర్చ్‌లో గుత్తాధిపత్యంపై అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన కేసు చూడండి. ఆ స్థానాల కోసం గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు విచారణలో బయటపడింది. 2022లో ఒక్క యాపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. జనం ఎలాగూ తననే ఎంచుకుంటారన్న ధీమా ఉన్న సంస్థ అంత సొమ్ము ఎందుకు ఇస్తుంది? 2025 సెప్టెంబరులో ఆ కేసు విన్న న్యాయమూర్తి అమిత్ మెహతా ఈ చెల్లింపులను పూర్తిగా నిషేధించలేదు గానీ, గూగుల్‌ను తప్ప వేరే దాన్ని పెట్టకూడదనే ప్రత్యేక హక్కుల ఒప్పందాలను అడ్డుకుని, శోధన సమాచారంలో కొంత పోటీదారులకు ఇవ్వాలన్నారు. భారతీయ భాషలకు సంబంధించినంత వరకు మన కమిషన్ కూడా ఆ దారిన ఆలోచించాలి. తెరను కూడా ఫోన్ సిద్ధం చేసేటప్పుడు కాక, కొన్నవారు మొదటిసారి ఏదైనా వెతకబోయినప్పుడు చూపించాలి.

నల్లమల

తెర సంగతి ఒప్పుకుంటాను. సమాచారం పంచే విషయంలో మాత్రం నాకు భయముంది. మా అమ్మగారు పంట గురించే కాదు, తన మోకాళ్ల నొప్పుల గురించీ అడుగుతారు. పేరు తీసేసి ఇచ్చినా, చిన్న ఊరి నుంచి వచ్చిన అరుదైన ప్రశ్న ఎవరిదో పట్టుకోవడం కష్టం కాదు. ఎక్కువమంది అడిగిన ప్రశ్నలను మాత్రమే, ఊరు, ఫోన్ వివరాలు లేకుండా ఇచ్చేలా నిబంధన ఉంటే నాకు అభ్యంతరం లేదు.

సెల్‌పాయింట్ గుంటూరు

మొదటిసారి వెతికేటప్పుడు చూపిస్తే మంచిదే. అయితే ఆ తెర తెలుగులో ఉండాలండి, చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉండాలి. లేకపోతే అది ఏమిటో అడగడానికి ఫోన్ పట్టుకుని మళ్లీ మా దగ్గరికే వస్తారు.