అమ్మాయిల వాలీబాల్ ఫొటోలు: ఏవి పెట్టాలి?

ప్రశ్న: టోర్నీ ఫొటోల్లో సర్వీస్ అందుకునేటప్పుడు వెనక నుంచి తీసినవే ఎక్కువ. వాడొచ్చా?

జవాబు 1: వద్దండి. వంగినప్పుడు వెనక నుంచి తీస్తే ఒళ్ళే కనిపిస్తుంది, ఆట కనిపించదు. నెట్ అవతలి వైపు నుంచి, వాళ్ళ కంటి ఎత్తులో తీయండి. షట్టర్ స్పీడు 1/1000 సెకను పెట్టండి. ముఖం, చేతులు, బంతి మూడూ ఫ్రేములో పడాలి. నేల మీంచి పైకి అస్సలు తీయొద్దు. క్రాప్ చేసేటప్పుడు తల తెగితే ఆ ఫొటో పక్కన పెట్టేయండి.

జవాబు 2: క్యాప్షన్ కూడా చూసుకోండి అన్నా. "అందాల", "సన్నజాజి" లాంటివి వద్దు. పేరు, లిబెరోనా (వెనక వరుసలో బంతిని కాపాడే అమ్మాయి) సెట్టరా (స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి ఎత్తిపెట్టే అమ్మాయి), ఎన్ని పాయింట్లు, అంతే. మైనర్లయితే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

జవాబు 3: బట్టల సంగతీ అంతే. 2021లో బికినీ బదులు షార్ట్స్ వేసుకున్నందుకు నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ అమ్మాయిలకు 1,500 యూరోల జరిమానా వేశారు! విమర్శలొచ్చాక ఆ నియమమే మార్చారు. మన పిల్లలు పొడవు షార్ట్స్ అడిగితే జట్టంతటికీ ఒకే రంగులో కుట్టించండి.