బాధ్యతలో ఉన్నవారికి మైండ్‌ఫుల్‌నెస్ పుస్తకాలు: ఏవి చదవాలి, అసలు చదివించాలా?

హాలియా నుంచి ఒక ఉపాధ్యాయుడు:

వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపే మహిళా సంఘాల నాయకురాళ్లు పడే ఒత్తిడిని చూసి, యాసంగి కొనుగోళ్లు మొదలయ్యేలోపు మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద, చేస్తున్న పని మీద ఎరుకతో ఉండడం) మీద రెండు మూడు పుస్తకాలు చదివించి చర్చ పెట్టాలని మా గ్రంథాలయ మిత్రులు అనుకుంటున్నారు. ఏ పుస్తకాలైతే బాగుంటుందో, అసలు ఈ ప్రయత్నం సబబేనో చెప్పగలరు.

మక్తల్ నుంచి ఒక కేంద్రం నిర్వాహకురాలు:

సార్, మీ ఉద్దేశం మంచిదే కాని నేను ఒప్పుకోలేను. ఏప్రిల్ నెలాఖరులో సాయంత్రం పూట మబ్బు పట్టిందంటే, కాంటా అయిన బస్తాలు లారీ కోసం ఎదురుచూస్తుంటాయి, కాంటా కాని కుప్పలకు పరదాలు చాలవు, తేమ పరిమితి 17 శాతం దాటిందని వడ్లు ఆపితే, రైతు మళ్లీ తేమ మీటర్ పెట్టమని ఎదురుగా నిలబడతాడు, అటు మిల్లు వాళ్లు తరుగు తీస్తామంటారు. ఈ ఒత్తిడి నా మనసులో పుట్టింది కాదు. లారీలు, పరదాలు, హమాలీలు చాలక పుట్టింది. అమెరికాలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే రొనాల్డ్ పర్సర్ 2019లో వచ్చిన ‘మెక్‌మైండ్‌ఫుల్‌నెస్’లో వాదించింది కూడా ఇదే: వ్యవస్థ పెట్టే బరువును మనిషి సొంత సమస్యగా చూపి, దాన్ని ఓర్చుకునే బాధ్యత కూడా ఆ మనిషి మీదనే వేస్తున్నారు. చదివించాలంటే ఆ పుస్తకాన్ని ముందు పై అధికారులకు చదివించండి.

నల్లగొండ నుంచి ఒక గ్రంథాలయ కార్యకర్త:

అక్కా, మీరు చెప్పిన కారణాల్లో ఒక్కదాన్ని కూడా కాదనలేను. లారీ రాకపోతే లారీ కోసమే కొట్లాడాలి. అయితే అటువంటి కొట్లాటలో ఉన్నవాళ్ల కోసమే రాసిన పుస్తకం ఒకటి ఉంది, జాబితా దానితోనే మొదలు కావాలని నేను గట్టిగా కోరుతున్నాను. వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ నాట్ హాన్ రాసిన ‘ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్’ మొదట పుస్తకం కాదు; ప్రవాసంలో ఉన్న ఆయన, వియత్నాం యుద్ధం నడుమ పల్లెల్లో సేవ చేస్తున్న యువ కార్యకర్తల కోసం 1974లో, వారిలో ముఖ్యుడైన ఒకరి పేరిట రాసిన పొడవాటి ఉత్తరం. అందులో ఆయన టాల్‌స్టాయ్ కథ ఒకటి మళ్లీ చెబుతారు. పనికి సరైన సమయం ఏది, అందరికన్నా ముఖ్యమైన మనిషి ఎవరు, అన్నిటికన్నా ముఖ్యమైన పని ఏది అని రాజు అడుగుతాడు. ఈ క్షణం, ఎదుట ఉన్న మనిషి, ఆ మనిషికి మేలు చేయడం అన్నవి జవాబులు. మీటర్‌లో అంకె ఎవరు చూసినా మారదు, కాని ఆ అంకెను రైతుకే చూపించి, ఎక్కడ ఆరబోసుకోవాలో నెమ్మదిగా చెప్పడమా, కసురుకోవడమా అన్నది మాత్రం ఆ నిమిషంలో నిర్వాహకురాలి చేతిలోనే ఉంటుంది.

రెండవది జాన్ కబాట్ జిన్ 1990లో ప్రచురించిన ‘ఫుల్ కటాస్ట్రఫీ లివింగ్’. 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఆయన ప్రారంభించిన ఎనిమిది వారాల శిక్షణే దీనికి ఆధారం కాబట్టి, సాధన చేయకుండా ఊరికే చదివితే ఉపయోగం తక్కువ. అతిగా ఆశ పెట్టడమూ తప్పే: 47 అధ్యయనాలను కలిపి చూసి 2014లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ప్రచురించిన సమీక్ష, ధ్యానం వల్ల ఆందోళన, కుంగుబాటు, నొప్పి తగ్గుతాయనడానికి ఓ మోస్తరు ఆధారాలున్నాయని, ఒత్తిడి తగ్గుతుందనడానికి ఆధారాలు బలహీనమని తేల్చింది.

మూడవది మన సాగర్ పక్కనున్న కొండకు ఎవరి పేరు పెట్టారో ఆ బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడిది. శాతవాహన రాజుకు రాసినవని సంప్రదాయం చెప్పే రెండు రచనల్లో, ‘సుహృల్లేఖ’ దేహం మీద ఎరుకను ఏకైక మార్గంగా బోధిస్తుంది. ‘రత్నావళి’ కష్టంలో ఉన్న రైతులకు విత్తనాలు, తిండి ఇమ్మని, పన్నులు తగ్గించమని రాజుకు చెబుతుంది. మీరు అడుగుతున్న పరదాలూ లారీలూ ఈ కోవలోకే వస్తాయి, ఎరుకను బోధించిన ఆచార్యుడే వాటిని పాలకుడి బాధ్యతగా చెప్పాడు కనుక ఈ రెండింటినీ కలిపి చదవాలి.

మక్తల్ నుంచి కేంద్రం నిర్వాహకురాలు:

రత్నావళిలోని ఆ భాగాన్ని తెలుగులో చదివి వినిపిస్తామంటే మా సంఘం వస్తుంది. తిక్ నాట్ హాన్ ఉత్తరం కూడా చదువుతాము. కబాట్ జిన్ సాధనకు మాత్రం రోజుకు 45 నిమిషాలు కావాలి, అంత సమయం మా ఇళ్లలో ఏ ఆడమనిషికీ దొరకదు. దాన్ని ఇప్పుడే పెట్టకండి. చర్చను మార్చిలోనే, మిల్లు వాళ్లనూ మండల అధికారులనూ మా పక్కనే కూర్చోబెట్టి జరపండి.