కందెన వేయని బండికి... తర్వాతేమిటి?

గుంటూరు షెడ్డు: సామెత “కందెన వేయని బండికి” దాకా నోట్లో ఉంది. తర్వాత “కావలసినంత సంగీతం”ఆ, “కావలసినన్ని రాగాలు”ఆ? షెడ్డు గోడ మీద రాయించాలి. ఇంజన్ ఆయిల్ మార్చమంటే “వచ్చే నెల చూద్దాం” అనేవాళ్ళ కోసం.

తెలుగు మాస్టారు: సంగీతమే. అది సరే, మొదటి ముక్క చూశారా? కందెన, వేయని, బండికి... మూడూ భగణాలు, అంటే ఒక గురువు, రెండు లఘువులు. నిఖార్సైన కందపద్యం మొదటి పాదం! పద్యం పోయి పాదం మిగిలిందని నా అనుమానం.

వరంగల్ అన్న: మాస్టారూ, ప్రాస ఏది, పాదాల్ల రెండో అక్షరం కలవాలె గద? “కంద”కు “కావ” ఎట్ల కుదురుతది?

తెలుగు మాస్టారు: అందుకే రెండో పాదం జనం మార్చేశారంటున్నా. కందం చెప్పినవాడే కవి అని ఊరికే అనలేదు. తిక్కన కందాలు చదవండి, నడక తెలుస్తుంది.

నెల్లూరు పెద్దాయన: గణాలు ఉండనీయండి. కందెనలో చివరి అక్షరం ‘న’నా, ‘నె’నా? నువ్వుల నెయ్యి నూనె అయినట్టు, ఇది కందిన నెయ్యి అని నా లెక్క. బండి ఇరుసుకు రాయడానికి వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపేవాళ్ళు కదా, నల్లగా కందినట్టే ఉండేది.

వరంగల్ అన్న: బ్రౌన్ నిఘంటువులో ‘న’యే ఉంది బాబాయ్. అరుగుదల ఆపే మాటే అరిగిందంటారా?

బెంగళూరు నుంచి: కన్నడంలో కందెనను కీలెణ్ణె అంటారు. ఎణ్ణె, అంటే నూనె, చివరే ఉంది. పెద్దాయన మాట తీసిపారేయలేం.

గుంటూరు షెడ్డు: ఆముదం అన్నారు కాబట్టి చెబుతున్నా, ఇంజన్ ఆయిల్ క్యాస్ట్రాల్ పేరు పుట్టింది ఆముదం ఇంగ్లీషు పేరు ‘క్యాస్టర్’ నుంచే, 1909లో. ఇంతకీ కందెన అంటే గ్రీజేనా, ఇంజన్ ఆయిల్ కూడానా?

నెల్లూరు పెద్దాయన: గ్రీజే. ఇరుసుకు అంటుకుని కదలకుండా ఉండాలి. పంపుతో తిరిగే పల్చటి నూనెకు ఆ మాట పెద్దది.

బెంగళూరు నుంచి: చిక్కదనం కాదండీ, పని చూడాలి. ఇంజన్ తిరుగుతుంటే క్రాంక్‌షాఫ్ట్, అంటే లోపల తిరిగే ప్రధాన ఇరుసు, దాన్ని మోసే బేరింగుకు తగలకుండా నూనె పొర మీద తేలుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో ఆ పొర ఇంకా సరిగ్గా నిలవదు, అరుగుదల అప్పుడే ఎక్కువ. ఇరుసు దగ్గర ఆముదం చేసిందీ ఇదే, రెంటి మధ్య అడ్డుపడటం.

గుంటూరు షెడ్డు: అయితే సామెతే కారుకు సరిపోదు. ఎడ్లబండి ముందే కిర్రుమని చెబుతుంది. ఆయిల్ తగ్గిన ఇంజన్ చాలాసార్లు నోరెత్తదు. టకటక మొదలయ్యేసరికి బేరింగు పోయి ఉంటుంది. సంగీతం వినిపించిందంటే కచేరీ అయిపోయినట్టే.

తెలుగు మాస్టారు: “కచేరీ” బాగుంది, కానీ ప్రాస కుదరదు.

వరంగల్ అన్న: ఇరుసు అంటే యాదికొచ్చింది, దశరథుని రథంల కైక వేలు పెట్టింది ఇరుసులనా, చక్రం ఊడకుండ పెట్టే చీల బదులా?

తెలుగు మాస్టారు: అది వాల్మీకంలోనే లేదు నాయనా. ‘చీల’నా, ‘సీల’నా అన్నది వేరే సంగతి, దాని మీద నాకో అభిప్రాయం ఉంది...