దంపతుల బొమ్మ, వెనక ‘కృష్ణ’: ఈ వరహా ఎవరిది?

వీసమెత్తు: ఇంట్లో తరాలుగా ఉన్న చిన్న బంగారు నాణెం. 3.39 గ్రాములు, అడ్డకొలత 12 మి.మీ., మందంగా ఉంది. ఒకవైపు కూర్చున్న దంపతులు, రెండోవైపు నాగరి లిపిలో మూడు వరసలు. ‘శ్రీ’, ‘కృష్ణ’ చదవగలిగాను, కింది వరస అరిగిపోయింది. కంసాలిగారు శ్రీకృష్ణదేవరాయలదే అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

నాగరిచూపు: తూకం, కొలత వరహావే. కానీ వాటితో రాజు తేలడు. విజయనగరం పడిపోయాక కూడా దక్షిణాదిలో అదే తూకం, అవే దేవుళ్లు నడిచాయి. బొమ్మలో ఆయన చేతుల్లో త్రిశూలం, జింక ఉంటే ఉమామహేశ్వరులు. శంఖచక్రాలైతే లక్ష్మీనారాయణులు. ఉమామహేశ్వరులు విజయనగర రాజు రెండో హరిహరరాయల వరహాల మీద ఉన్నారు, ‘శ్రీ సదాశివ’ అని ఉండే ఇక్కేరి (కర్ణాటకలోని కెళది నాయకుల రాజధాని) వరహాల మీదా ఉన్నారు. హైదర్ అలీ కూడా ఆ బొమ్మనే ఉంచి, వెనక చుక్కల మధ్య తన పేరులోని మొదటి పారసీ అక్షరం ‘హే’ కొట్టించాడు.

మీదాని మీద ‘కృష్ణ’ ఉంది కాబట్టి చూడాల్సింది ఇద్దరినే: రాయలు (1509–1529), మైసూరు మూడో కృష్ణరాజ ఒడెయరు (1799–1868). అరిగిన అక్షరం ‘రాయ’లోని ‘య’నా, ‘రాజ’లోని ‘జ’నా అని కళ్లు పోగొట్టుకోకండి, ‘ప్రతాప’ ఉందేమో వెతకండి. రాయల వరహా మీద ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ మొత్తాన్ని మూడు వరసల్లో ఇరికిస్తారు. ఒడెయరుది శ్రీ, కృష్ణ, రాజ, వరసకొక మాట. పైగా రాయల వరహాల్లో ఎక్కువగా కనిపించేది వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు.

తక్కెడ: ఫొటోకి ఫ్లాష్ వద్దు. చీకటి గదిలో టార్చిని నాణేనికి దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వేసి నాలుగు దిక్కుల నుంచీ తీయండి. అరిగిన గీతలు నీడల్లో తేలతాయి.

బంగారం పరీక్షకు గీటురాయి వద్దు, గీత పడుతుంది. నాణేన్ని సన్నని దారంతో నీళ్లలో వేలాడదీసి తూచండి. గాలి తూకాన్ని, నీళ్లలో తగ్గిన తూకంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 0.20 గ్రాములు తగ్గితే 17 దాకా, స్వచ్ఛమైన బంగారానికి 19.3. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: 0.01 గ్రాము తేడాకే లెక్క 16.1 నుంచి 17.8 దాకా ఊగుతుంది. 0.001 గ్రాము చూపే కాటా కావాలి. నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు కలపండి, బుడగ అంటుకుంటే సాంద్రత తక్కువ చూపిస్తుంది. అంచు చుట్టూ అతుకు గీత గానీ, సూదిపోటు గుంటలు గానీ ఉంటే అది పోతపోసిన నకలు.

వీసమెత్తు: పై వరసలో ‘శ్రీ’ ఒక్కటే, మధ్యలో ‘కృష్ణ’. త్రిశూలం స్పష్టంగా ఉంది. అంచు శుభ్రంగానే ఉంది.

నాగరిచూపు: అయితే మైసూరుదే. మెరుగు పెట్టించకండి, కొక్కెం అతికించకండి, ధర పడిపోతుంది. వందేళ్లు దాటింది కాబట్టి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, విదేశాలకు పంపడం కుదరదు.