యూరప్‌లో “మీరెవరు?” అని అడిగితే వచ్చే అంకెల్ని ఎలా చదవాలి?

తూనికరాయి:
ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో తమను ‘ఇంగ్లిష్’ అని మాత్రమే చెప్పుకున్నవాళ్లు 2011లో 57.7 శాతం, 2021లో 14.9 శాతం. ‘బ్రిటిష్’ అని మాత్రమే చెప్పుకున్నవాళ్లు 19.1 నుంచి 54.8కి ఎగబాకారు. పదేళ్లలో జనం ఇంతలా మారిపోతారా? బ్రెగ్జిట్ ప్రభావమని వ్యాసంలో రాయొచ్చా? ‘యూరోపియన్’ అని చెప్పుకునేవాళ్ల లెక్కని దీని పక్కన పెట్టొచ్చా?

గళ్లనుడి:
బ్రెగ్జిట్ జోలికి వెళ్లేముందు ఫారం తీసి చూడండి. 2011లో ఇంగ్లండ్ ఫారంలో మొదటి గడి ‘ఇంగ్లిష్’. 2021లో ‘బ్రిటిష్’ని పైకి తెచ్చారు. ఎన్ని గళ్లకైనా టిక్ పెట్టొచ్చు, కానీ తమకు సరిపోయే గడి పైనే కనిపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఈ మార్పు ప్రభావం ఉందని గణాంక శాఖే చెప్పింది. సరిచూసుకోవడానికి వేల్స్ ఉండనే ఉంది. అక్కడి ఫారంలో రెండుసార్లూ ‘వెల్ష్’ గడే పైన. వేల్స్‌లో ‘వెల్ష్ మాత్రమే’ 57.5 నుంచి 55.2కి దిగింది, అంతే. మనసులు అసలు మారలేదని అనను. ఎంత మారాయో ఈ అంకెతో తేలదు.

చుక్కాని:
‘యూరోపియన్’ లెక్క వచ్చేది యూరోబారోమీటర్ నుంచి, అంటే యూరోపియన్ యూనియన్ చేయించే అభిప్రాయ సర్వే. అది అడిగేది వేరే ప్రశ్న, జనాభా లెక్కల పక్కన పెట్టకండి. అందులో నాలుగు జవాబులు: (1) నా దేశం మాత్రమే; (2) ముందు నా దేశం, తర్వాత యూరప్; (3) ముందు యూరప్, తర్వాత నా దేశం; (4) యూరప్ మాత్రమే. అందరూ చేసే తప్పు రెండో జవాబుని ‘జాతీయవాదుల’ ఖాతాలో వేయడం. వాళ్లు రెండూ తమవే అంటున్నారు.

ఇంకోటి, శాంపిల్. ఎక్కువ దేశాల్లో దాదాపు 1,000 మందిని, మాల్టా, లక్సెంబర్గ్ లాంటి చిన్న దేశాల్లో 500 మందిని అడుగుతారు. 1,000 మందిని అడిగితే లెక్క అసలుకి అటూ ఇటూ 3 శాతం దాకా తప్పొచ్చు, 500 మందిని అడిగితే 4 పైచిలుకు. మాల్టాలో రెండు శాతం పెరిగిందని వార్త రాసేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

గళ్లనుడి:
పోలండ్‌ది కూడా చూడండి. 2011లో ఒకరు రెండు అస్తిత్వాలు చెప్పుకునే వీలిచ్చారు. ఎనిమిది లక్షలకు పైగా జనం ‘సిలేసియన్’ (సిలేసియా ప్రాంతం వాళ్లం) అన్నారు, వాళ్లలో చాలామంది పోలిష్ అని కూడా రాశారు. ఒక్కటే చెప్పమంటే ఆ సంఖ్య అలా రాదు. బెల్జియంలో భాషల లెక్క కోసం వెతక్కండి. 1947 తర్వాత జనాభా లెక్కల్లో ఆ ప్రశ్నే అడగలేదు. భాష లెక్క తేలితే ఏ ఊరు డచ్ వాళ్ల పాలనలోకో, ఫ్రెంచ్ వాళ్ల పాలనలోకో వెళ్తుందో తేలిపోతుంది, గొడవంతా అక్కడే.

తూనికరాయి:
బాగుందండీ, ఫారాలు తిరగేస్తాను. మరి అందరికీ ఉమ్మడి గుర్తులంటూ ఉన్నాయా, లేక జెండా ఒక్కటేనా?

చిల్లరపైసా:
జెండా కన్నా యూరో నోటు చూడండి. 2002లో వచ్చిన నోట్లలో ఒకవైపు కిటికీలు, ద్వారాలు, రెండోవైపు వంతెనలు. 5 యూరోల నోటు మీద ప్రాచీన గ్రీకు, రోమన్ శైలి, 20 మీద గోథిక్, 50 మీద పునరుజ్జీవన కాలం. ఆ వంతెనల్లో ఒక్కటీ ఏ దేశంలోనూ లేనిది. ఫలానా దేశం వంతెన వేస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా! తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సే ఊళ్లో వాటిని నిజంగానే కట్టేశారు, అది వేరే సంగతి.

నాణేల దగ్గర పద్ధతి తిరగబడింది. విలువ వేసిన వైపు అందరికీ ఒకటే, రెండోవైపు ఆ దేశం ఇష్టం. ఐర్లండ్ ఎనిమిది నాణేల మీదా హార్ప్ అనే తంతి వాద్యం వేసుకుంది, ఆస్ట్రియా ఒక యూరో మీద సంగీతకారుడు మొజార్ట్‌ని వేసింది. ఏ దేశం నాణెమైనా యూరో వాడే ప్రతి చోటా చెల్లుతుంది.