రేకీ కనిపెట్టింది క్రైస్తవ బోధకుడా?

ప్రశ్న: మా రేకీ (చేతులు ఆనించి శక్తి పంపి నయం చేస్తామనే జపాన్ పద్ధతి) క్లాసులో మేడమ్ గారు, దాన్ని కనిపెట్టిన ఉసుయి క్యోటోలోని దోషిషా యూనివర్సిటీలో క్రైస్తవ బోధకుడని, తర్వాత షికాగో యూనివర్సిటీలో చదివాడని చెప్పారు. నిజమేనా అండీ?

జవాబు 1: కాదండీ. వెతికినవాళ్లకి ఆ రెండు యూనివర్సిటీల రికార్డుల్లోనూ ఆయన పేరు దొరకలేదు. మికావో ఉసుయి 1865లో గిఫు ప్రాంతంలో పుట్టాడు. 1922లో క్యోటో దగ్గర కురామా కొండమీద 21 రోజులు ఉపవాసం ఉంటే ఈ శక్తి వచ్చిందని, ఆ ఏడాదే టోక్యోలో సంఘం పెట్టాడని, మరుసటి ఏడు కాంటో భూకంపంలో దెబ్బతిన్నవాళ్లకి సాయం చేశాడని టోక్యో సైహోజీ గుడిలో 1927లో నిలబెట్టిన స్మారక శిల మీదే ఉంది. కాకపోతే అది శిష్యులు చెక్కించింది, పొగడ్త పాలు కాస్త ఎక్కువే!

జవాబు 2: ఆ క్రైస్తవ కథ హవాయో టకాటా నోట పాకింది. హవాయిలో పుట్టిన జపనీయుల అమ్మాయి. 1935లో ఒంట్లో బాగోక టోక్యో వెళ్లి, ఉసుయి శిష్యుడు, మాజీ నేవీ అధికారి హయాషి క్లినిక్‌లో చేరింది, అక్కడే నేర్చుకుంది. 1941లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాక అమెరికాలో జపాన్ పేరెత్తితేనే మంట కదా, అందుకే కథకి రంగు మార్చిందని నా అనుమానం. 1980లో పోయేనాటికి 22 మందిని మాస్టర్లని (రేకీ నేర్పేవాళ్లని) చేసింది, ఫీజు మనిషికి 10,000 డాలర్లు.

ప్రశ్న అడిగినాయన: అమ్మో, మా మేడమే నయం.